నాలుగు వీ యూలు చవగ్గా వస్తున్నాయి, పార్లర్‌కి తీసుకోవచ్చా?

ఇజీనారం కుర్రోడు · శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రింగ్ రోడ్డు వైపు మా మావయ్య షాపు ఖాళీ అయింది. పన్నెండడుగుల గది. అద్దె వద్దన్నాడు, కరెంటు బిల్లు మాత్రం నాదే. అందులో నాలుగు టీవీలు పెట్టి గేమింగ్ పార్లర్ తెరుద్దామని ఉంది. సింగపూర్లో ఉన్న మా పిన్ని కొడుకు పండక్కి వస్తున్నాడు. అక్కడెవరో పాత నింటెండో వీ యూలు (టీవీకి తగిలించి ఆడే గేమ్ కన్సోళ్లు) నాలుగు, డిస్కులతో సహా అమ్మేస్తున్నారట. నాలుగూ కలిపినా ఇక్కడ సోనీ వాళ్ల ప్లేస్టేషన్ 5, అదే పీఎస్5, కొత్తది ఒక్కదాని ఖరీదు అవదు. వీడియోల్లో చూశాను, బొమ్మ బాగానే ఉంది. రేపు సాయంత్రంలోగా డబ్బు పంపమంటున్నాడు. తీసుకోమంటారా?

ఉద్దానం కొబ్బరి · 9:52

నాలుగూ ఒకేసారి ఎందుకు వదిలించుకుంటున్నాడో ముందు ఆయన్ని అడగండి.

నాగావళి గట్టు · 10:15

బావూ, డబ్బులు ఇప్పుడే పంపకు. ఇదే తప్పు నాను సేసి కూకున్నాను.

శ్రీకాకుళం పాలకొండ రోడ్డులో నాకు పార్లరుండీది. రెండు పీఎస్2లు, గంటకి పదిహేను రూపాయలు. ఆదివారమొస్తే గుమ్మం ముందర సెప్పులు కుప్ప పడీవి. మా బావమరిది షిప్పులో పన్జేసీవోడు. 2006 ఆఖర్న ఆడొక నింటెండో వోళ్ల గేమ్‌క్యూబ్ తెచ్చినాడు. ఊదారంగు డబ్బా, మోసుకెళ్లడానికి ఎనకాల పిడి కూడాను. బొమ్మ పీఎస్2 కంటే శుభ్రంగా ఉండీది, అందులో అబద్ధం లేదు. మూడో టీవీకి తగిలించి, రేటు కూడా అంతే పెట్టినాను.

కుర్రోళ్లు ఒచ్చీవోరు. "అన్నా, క్రికెట్ ఉందా?" లేదు. "జీటీఏ శాన్ ఆండ్రియాస్?" లేదు. "మరేటున్నాది?" మారియో ఉన్నాది, కార్ల రేసున్నాది. "అది మా సెల్లెలొస్తే ఎట్టండి" అనీసి, పీఎస్2 ఖాళీ అయినంతవరకు బయట గోడ మీద కూకునీవోరు. లోపల ఒక టీవీ ఊరకే ఎలుగుతుండగా, గోడ మీద! నాకు ఒళ్లు మండిపోయీది. ఎనిమిది నెలలు సూసి, ఆ డబ్బా మా అక్క కొడుక్కి ఇచ్చీసినాను.

తరవాత తెలిసినాది. ఈఏ అనీ ఆటల కంపెనీ వోళ్ల క్రికెట్ 07 ఒచ్చింది పీఎస్2కీ, కంప్యూటరుకీ మాత్రమే. జీటీఏ అయితే గేమ్‌క్యూబ్ మొహమే సూడలేదు. డబ్బా సెడ్డది కాదు బావూ. దానికి బయటోళ్లు ఆటలు సెయ్యలేదు, అదీ సంగతి.

పచ్చగొట్టం · 10:31

గట్టు గారూ, మీ కుర్రాళ్లకి రుచి తెలియకపోతే కన్సోల్ ఏం చేస్తుంది? రెసిడెంట్ ఈవిల్ 4 మొదట వచ్చింది గేమ్‌క్యూబ్‌కే, 2005 జనవరిలో. పీఎస్2 వాళ్లు అక్టోబర్ దాకా నోరు కట్టుకుని కూర్చున్నారు.

ఎవరిని కదిపినా థర్డ్ పార్టీ లేకపోతే కన్సోల్ చచ్చిపోతుందనే పాటే. మరి వీ యూకి ముందు నింటెండో తెచ్చిన 'వీ' సంగతేంటి? 10 కోట్ల 16 లక్షలు అమ్ముడైంది. పీఎస్3 గానీ మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360 గానీ దాన్ని అందుకోలేదు. జనం ఆడిందెవరి ఆట? చాలా దేశాల్లో డబ్బాతోపాటే ఇచ్చిన నింటెండో వాళ్ల సొంత టెన్నిస్, బౌలింగ్. ముసలమ్మలు కూడా ఆడారు.

ఇజీనారం కుర్రోడు · 10:44

ఒక్క నిమిషం. థర్డ్ పార్టీ అంటే సరిగ్గా ఎవరు? రెండో పార్టీ ఎవరు మరి? నవ్వకండి.

మూడులాంతర్ల మాస్టారు · ఆదివారం ఉదయం 6:20

నవ్వడానికేముంది నాయనా. ఇది సినిమా హాలు లెక్క. హాలు కట్టినవాడే సొంతంగా సినిమా తీసి ఆడించుకుంటే అది ఫస్ట్ పార్టీ. బయటి నిర్మాత తీసుకొచ్చి వేస్తే థర్డ్ పార్టీ, టికెట్టులో హాలువాడికి వాటా పోతుంది. రెండో పార్టీ అన్నది కొనేవాడివి, అంటే నువ్వే. హాలుకి ఎంత ఏసీ పెట్టినా, కుర్చీలు ఎంత మెత్తగా వేసినా బొమ్మ పడాలి కదా. ఏడాదికి యాభై రెండు శుక్రవారాలు. ఏ యజమానీ అన్ని సినిమాలు సొంతంగా తీయలేడు.

పొద్దున్నే కాఫీ తాగుతూ ఖాళీగా ఉన్నాను కాబట్టి ఇంకొంచెం చెబుతాను. ఈ బయటివాళ్లనే జాతి పుట్టిందే అలకలోంచి. 1979లో అటారీలో డేవిడ్ క్రేన్, అలాన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్, లారీ కప్లాన్ అనే నలుగురు ప్రోగ్రామర్లు ఉండేవారు. వాళ్లు రాసిన ఆటలు కంపెనీకి కోట్లు తెచ్చిపెడుతున్నాయి, పెట్టె మీద మాత్రం వాళ్ల పేరుండదు, వాటా ఉండదు. అడిగారు, కాదన్నారు. బయటికొచ్చి యాక్టివిజన్ పెట్టి, అటారీ డబ్బాకే సొంత ఆటలు చేసి అమ్మడం మొదలుపెట్టారు. అటారీ కోర్టుకెక్కింది. 1982లో రాజీ కుదిరింది: రాయల్టీ కట్టి చేసుకోవచ్చు. ఇక ఎవడు పడితే వాడు ఆట చేసి సంతలోకి దింపాడు. 1983లో అమెరికా మార్కెట్ కుప్పకూలింది.

అది చూసి నింటెండో గుమ్మానికి తాళం వేసింది. ఎన్‌ఈఎస్ అనే తన డబ్బాలో నిజంగానే తాళం చిప్ ఒకటి పెట్టారు. అమెరికాలో ఒక కంపెనీ ఏడాదికి ఐదు ఆటలకి మించి విడుదల చేయకూడదు. క్యాసెట్లు నింటెండోయే తయారు చేసిస్తుంది, డబ్బు ముందే కట్టాలి, అమ్ముడుపోకపోతే నష్టం నీది. నాణ్యత నిలిచిన మాట నిజమే. కడుపులో మంట కూడా నిలిచింది.

జపాన్‌లో ఫామికామ్‌కి (ఎన్‌ఈఎస్‌కి అక్కడి పేరు) తొలిరోజుల్లోనే చేయి కలిపిన కంపెనీల్లో నామ్‌కో ఒకటి. అందుకు ప్రత్యేకమైన షరతులు దక్కాయి. 1989లో ఆ ఒప్పందం గడువు తీరాక నింటెండో పాత షరతులు ఇవ్వనంది. నామ్‌కో అధినేత మసాయా నకమురా బాహాటంగానే మండిపడ్డాడు. ఐదేళ్ల తర్వాత, 1994 డిసెంబర్ 3న, సోనీ మొదటి ప్లేస్టేషన్ దింపింది. మొదటి రోజే దాని పక్కన నిలబడ్డ ఆట నామ్‌కో వాళ్ల రిడ్జ్ రేసర్. మరుసటి ఏడాది టెక్కెన్. గట్టు గారి పార్లర్లో కుర్రాళ్లు టెక్కెన్ ఆడి మీటలు అరగదీశారంటే, దాని వెనక క్యోటో (నింటెండో) మీద టోక్యో (నామ్‌కో) అలిగిన కథ ఉంది.

ఉద్దానం కొబ్బరి · 7:05

మాస్టారూ, ఆదివారం పొద్దున్న ఆరింటికి క్లాసేంటండీ. అటెండెన్స్ వేసుకోండి.

నాగావళి గట్టు · 7:30

మీటలు అరగదియ్యడమా మాస్టారూ! నెలకి రెండు రిమోట్లు పోయీవి. ఆ అలక కరుసు నాను కట్టినానన్నమాట.

టెక్కలి టు హైటెక్ · 11:18

ఇక్కడ నాకు రెండు మాటలు చెప్పే అర్హత ఉందనుకుంటా. హైదరాబాద్‌లో ఒక చిన్న స్టూడియోలో పోర్టింగ్ పని చేస్తాను. అంటే ఒక కన్సోల్‌కి చేసిన ఆటని ఇంకోదానికి ఎక్కించడం.

మాస్టారు చెప్పిన అలకలు నిజమే కానీ, మీటింగ్‌లో అలక పేరెవరూ ఎత్తరు. ఎక్సెల్ షీట్ తెరుస్తారు. ఆ డబ్బా ఎన్ని ఇళ్లలో ఉంది? ఆ ఇళ్లలో మన రకం ఆట కొనేవాళ్లెందరు? మన ఇంజిన్ (ఆటని నడిపే అసలు ప్రోగ్రాం) దాని మీద నడుస్తుందా, లేక మళ్లీ రాసుకోవాలా? టెస్టింగ్‌కి ఎన్ని నెలలు, ఎందరు మనుషులు? కన్సోల్ కంపెనీ తనిఖీలో ఒకసారి తప్పితే మళ్లీ వరస మొదటికి. ఇంతా చేసి డిజిటల్‌లో అమ్మితే వందకి మామూలుగా ముప్పై స్టోర్ వాడిది. మిగిలినదాంట్లో పబ్లిషర్, ఆ తర్వాత మేము.

ఇప్పుడు వీ యూని ఆ షీట్‌లో పెట్టి చూడండి. 2012 నవంబర్‌లో వచ్చింది. లోపల మూడు కోర్ల పవర్‌పీసీ ప్రాసెసర్, 1.24 గిగాహెర్ట్జ్. సరిగ్గా ఏడాదికి పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ వచ్చాయి. రెంటిలోనూ ఎనిమిది కోర్ల ఎక్స్86, అంటే మన కంప్యూటర్ల జాతే. కంప్యూటర్‌కి చేసిన ఆట ఆ రెంటికీ కొద్ది మార్పులతో ఎక్కుతుంది. వీ యూకి మాత్రం విడిగా కూర్చోవాలి. ఎపిక్ కంపెనీ అయితే తన అన్‌రియల్ ఇంజిన్ 4ని దానికి ఇవ్వనే లేదు. పోనీ కష్టపడి ఎక్కిస్తే కొనేదెవరు? దాని జీవితం మొత్తంలో అమ్ముడైంది 1 కోటి 35 లక్షలు. పీఎస్4 పదకొండు కోట్లు దాటింది.

అందుకే ఎవరూ రాలేదు. పగ లేదు, ప్రేమ లేదు.

పచ్చగొట్టం · 11:40

టెక్కలి టు హైటెక్ రాశారు: "పోనీ కష్టపడి ఎక్కిస్తే కొనేదెవరు?"

ఎక్కించినవేంటో కూడా చెప్పండి మరి! 2011లో ఈ3 అనే ఆటల ప్రదర్శన వేదిక మీద ఈఏ పెద్దాయన నింటెండోతో ఇంతకు ముందెన్నడూ లేని భాగస్వామ్యం అన్నాడు. ఏడాదిన్నరకి వీ యూకి మాస్ ఎఫెక్ట్ 3 ఇచ్చారు. ఒక్క మూడో భాగమే. అదే నెలలో ఎక్స్‌బాక్స్ 360 వాళ్లకి మూడు భాగాలూ ఒకే పెట్టెలో, దాదాపు అదే ధరకి. కథ మధ్యలోంచి మొదలయ్యేదాన్ని ఎవడు కొంటాడు? కొనలేదు. కొనలేదు కాబట్టి, నింటెండో జనం బయటి ఆటలు కొనరని తేల్చేశారు.

యూబీసాఫ్ట్ కంపెనీ సంగతి ఇంకా ఘోరం. రేమన్ లెజెండ్స్ వీ యూకి మాత్రమే అన్నారు. 2013 ఫిబ్రవరిలో రావాలి, ఆట తయారైపోయింది. మిగతా కన్సోళ్లకి కూడా ఇద్దామని సెప్టెంబర్ దాకా ఆపేశారు. ఎండిపోయిన చెరువులో చేపల్లేవని చెప్పేవాళ్లు, నీళ్లు తోడిందెవరో కూడా చెప్పాలి.

టెక్కలి టు హైటెక్ · 12:02

మాస్ ఎఫెక్ట్ విషయంలో మీతో వాదించను. అది మా పరిశ్రమ చేసిన సిగ్గుమాలిన పనే. కానీ మీ వీ ఉదాహరణే నాకు ఎక్కువ పనికొస్తుంది. వీని కొన్నది రెండు ఆటలతో తృప్తిపడే కుటుంబాలు. సరదా తీరాక అది టీవీ కింద దుమ్ము పట్టింది. వాళ్ల చేతికి ఫోన్ వచ్చింది. ఏడాదికి నాలుగు కొత్త ఆటలు కొనే కుర్రకారు అప్పటికే 360, పీఎస్3 దగ్గర స్థిరపడిపోయారు, వాళ్ల స్నేహితులు కూడా అక్కడే. నింటెండో తర్వాతి డబ్బా తెచ్చేసరికి పాత కొనుగోలుదారు లేడు, కొత్తవాడు రాడు. వీ తెచ్చిన గెలుపు అప్పు లాంటిది, వడ్డీ వీ యూ కట్టింది. ఇది నా అభిప్రాయమే, తప్పైతే తిట్టండి.

రాజాం రాజు · 12:20

సంతలో ఇదే కదా. గిరాకీ లేదని వర్తకుడు రాడు, సరుకు లేదని జనం రారు. మరి మొదటి కొట్టు ఎవడు పెట్టాలి?

మూడులాంతర్ల మాస్టారు · మధ్యాహ్నం 2:45

సంత పెట్టినవాడే. సొంత కొట్టు పెట్టాలి, లేదా వర్తకుడికి దారిఖర్చులైనా ఇవ్వాలి. లేదా అక్కడ అమ్మడం ఎంత చవకో చూపించాలి. సోనీ 1994లో చేసింది ఈ మూడోది. నింటెండో 64 క్యాసెట్‌లో అన్నిటికంటే పెద్దది 64 మెగాబైట్లు, తయారీ ఖరీదు, ఆర్డరిస్తే నెలల తరబడి ఎదురుచూపు. సీడీలో సుమారు 650 మెగాబైట్లు, అచ్చు వేయడం చవక, సరుకు అయిపోతే వెంటనే మళ్లీ కొట్టించుకోవచ్చు. అన్నాళ్లూ నింటెండో దగ్గరే ఉన్న స్క్వేర్ కంపెనీ ఫైనల్ ఫాంటసీ 7ని తీసుకుని ప్లేస్టేషన్‌కి వెళ్లిపోయింది. 1997లో వచ్చిన ఆ ఆట మూడు సీడీలు. అది క్యాసెట్లో పట్టేదా? చివరికి లెక్క: ప్లేస్టేషన్ 10 కోట్ల 24 లక్షలు, నింటెండో 64 దాదాపు 3 కోట్ల 29 లక్షలు.

సేగా చేసింది దీనికి తిరగేసి. 1995 మే 11న లాస్ ఏంజిలెస్ ఈ3లో వేదికెక్కి, మా కొత్త కన్సోల్ శాటర్న్ సెప్టెంబర్‌లో కాదు, ఈరోజే అమ్ముతున్నాం, 399 డాలర్లు అన్నారు. సెప్టెంబర్‌కి ఆటలు సిద్ధం చేసుకుంటున్న బయటి కంపెనీలు నోళ్లు తెరుచుకుని చూశాయి. ముహూర్తం నాలుగు నెలలు ముందుకు జరిపి వంటవాడికి చెప్పకపోవడం లాంటిది. అదే రోజు సోనీ మనిషి మైకు దగ్గరికొచ్చి '299' అనే ఒక్క అంకె చెప్పి దిగిపోయాడు.

ఉద్దానం కొబ్బరి · 3:10

ఆ తర్వాత సేగా తెచ్చిన డ్రీమ్‌కాస్ట్ పైరసీ వల్ల పోయిందంటారు కదా? మామూలు సీడీలో కాపీ కొట్టి వేస్తే ఆడేసేదట.

టెక్కలి టు హైటెక్ · 3:25

కన్నం ఉన్నమాట నిజమే. పాటల సీడీల కోసం పెట్టిన దారిలోంచి దొంగలు దూరారు. కానీ అంతకు ముందే పెద్ద దెబ్బ తగిలింది: ఈఏ డ్రీమ్‌కాస్ట్‌కి ఒక్క ఆట కూడా ఇవ్వలేదు. అమెరికాలో వాళ్ల అమెరికన్ ఫుట్‌బాల్ ఆట లేని కన్సోల్ అంటే, ఇక్కడ క్రికెట్ లేని పార్లరే. సేగా సొంతంగా క్రీడల ఆటలు చేసుకుంది, బాగానే చేసింది కూడా. ఈలోగా పీఎస్2 వస్తోందంటే జనం ఆగిపోయారు. 2001 మార్చికి తయారీ ఆపేశారు, సుమారు 91 లక్షల దగ్గర. పైరసీ ఒక్కటే చంపేటట్టయితే పీఎస్2 మన దేశంలో బతికేదా? గట్టు గారూ, మీ పార్లర్లో డిస్కులు ఒరిజినలేనా?

నాగావళి గట్టు · 3:41

ఆదివారం పూట అబద్ధమాడించకు బావూ. చిప్పేసిన పీఎస్2లే. డిస్కు అరవై రూపాయలు.

టెక్కలి టు హైటెక్ · 3:46

అంటే మీ దగ్గర గంటలకి గంటలు క్రికెట్ ఆడినా ఈఏకి ఒక్క రూపాయి ముట్టలేదు. క్రికెట్ 07 తర్వాత వాళ్లు ఆ వరస ఆపేశారు. అది మీ ఒక్కరివల్లే అనడం లేదు, నేనూ ఆమదాలవలస స్టేషన్ ఎదురుగా అవే డిస్కులు కొన్నవాణ్ణి. కానీ అమ్ముడుపోని అంకెలే మళ్లీ ఆ షీట్‌లోకి వస్తాయి.

పచ్చగొట్టం · 4:30

ఎప్పుడూ కంపెనీలే బయటివాళ్ల కాళ్లు పట్టుకోవాలన్నట్టు మాట్లాడుతున్నారు, సరే. కానీ 2017లో నింటెండో తెచ్చిన స్విచ్‌ని చూడండి. ఎన్విడియా టెగ్రా చిప్ తీసుకున్నారు. యూనిటీ, అన్‌రియల్ 4 ఇంజిన్లు మొదటినుంచీ నడిచేలా చూశారు. ఇద్దరు ముగ్గురున్న జట్లు కూడా ఆటలు దింపారు. 15 కోట్లు దాటింది. మా నింటెండో వాళ్లు నేర్చుకున్నారు, అది కూడా రాయండి.

టెక్కలి టు హైటెక్ · 4:44

రాశాను చూడండి, నా జీతంలో సగం స్విచ్ పోర్టులదే. పీఎస్4 కూడా పాత తప్పులోంచే పుట్టింది. పీఎస్3లో సెల్ ప్రాసెసర్‌తో అందరినీ ఏడిపించాక, ఈసారి దాన్ని డిజైన్ చేసిన మార్క్ సెర్నీ పని మొదలెట్టే ముందే డెవలపర్లని కలిసి మీకేం కావాలని అడిగాడు.

ఇంకోటి. బయటి ఆట గట్టిదైతే కన్సోల్ కంపెనీయే మాట మార్చుకుంటుంది. 2023లో బాల్డర్స్ గేట్ 3 పీఎస్5కి సెప్టెంబర్‌లో వచ్చేసింది. ఎక్స్‌బాక్స్‌కి ఆలస్యమైంది, ఎందుకంటే వాళ్ల చిన్న డబ్బా సిరీస్ ఎస్‌లో ఇద్దరు ఒకే తెర పంచుకునే ఆట నడవలేదు. పెద్ద సిరీస్ ఎక్స్‌లోనూ, చిన్న ఎస్‌లోనూ అన్నీ ఒకేలా ఉండాలన్నది మైక్రోసాఫ్ట్ నియమం. ఆ ఆట కోసం నియమం సడలించారు, డిసెంబర్‌లో వచ్చింది.

వేదిక పెద్ద · సాయంత్రం 5:15

చర్చ బాగుంది, సాగనివ్వండి. పాత కన్సోళ్ల బేరాలు మాత్రం అమ్మకాల విభాగంలో పెట్టుకోండి. ఇద్దరి పోస్టులు అక్కడికి మార్చాను.

నాగావళి గట్టు · 5:40

కుర్రోడా, ఈ కోట్ల లెక్కలన్నీ ఒగ్గీ. ఒక నోటుబుక్కు తీసుకుని కాలేజీ బస్సులాగేకాడ నిలబడు. "నీకు ఏ ఆట కావాలి?" అని అడుగు. "ఏ కన్సోలు కావాలి" అని మాత్రం అడక్కు. మీ అన్నయ్యకి నాలుగు రోజులు ఆగమని సెప్పు.

ఇజీనారం కుర్రోడు · శుక్రవారం రాత్రి 8:55

నాలుగు సాయంత్రాలు నిలబడ్డాను. ఒకడు నన్ను సర్వే డిపార్ట్‌మెంట్ అనుకున్నాడు. మొత్తం 43 మంది చెప్పారు. క్రికెట్ 17, ఫుట్‌బాల్ 9, జీటీఏ 8, రెజ్లింగ్ 5, టెక్కెన్ 3, మారియో 1. ఆ ఒక్కడూ ఐదో తరగతి, వాళ్లన్నయ్యతో వచ్చాడు.

పచ్చగొట్టం · 9:20

మనసు రాకపోయినా నేనే చెబుతాను, ఇంకెవరో వెక్కిరిస్తూ చెప్పేకంటే. వీ యూలో క్రికెట్ లేదు. ఫుట్‌బాల్ ఫిఫా 13తో ఆగిపోయింది, అందులో ఉన్న ఆటగాళ్లలో చాలామంది ఇప్పుడు రిటైరయ్యారు. జీటీఏ రాలేదు. డబ్ల్యూడబ్ల్యూఈ రాలేదు. టెక్కెన్ ఉంది, ట్యాగ్ టోర్నమెంట్ 2, చాలా మంచిది. మారియో ఉంది. కడుపు మాడ్చుకుని లెక్కేస్తే 43 మందిలో నలుగురు. ఇప్పుడు కొత్తగా కొనుక్కుందామన్నా ఆన్‌లైన్ స్టోర్ 2023 మార్చిలో మూసేశారు, 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ ఆట కూడా ఆపేశారు. ఇంట్లో పెట్టుకోవడానికి బంగారం. పార్లర్‌కి వద్దు తమ్ముడూ.

టెక్కలి టు హైటెక్ · 9:34

ఆ జాబితాలో ఇంకోటి గమనించారా? క్రికెట్ సోనీ చేయదు, నింటెండో చేయదు, మైక్రోసాఫ్ట్ చేయదు. ఒకప్పుడు ఈఏ చేసింది, ఇప్పుడు మెల్‌బోర్న్‌లోని బిగ్ యాంట్ చేస్తోంది. ఫుట్‌బాల్, జీటీఏ, రెజ్లింగ్, టెక్కెన్, అన్నీ బయటివాళ్లవే. మనకి కావలసిందల్లా పరాయివాడి చేతిలోనే ఉంది. మధ్యలో 2009లో మన హైదరాబాద్ వాళ్లతో చేయించి సోనీ పీఎస్2కి హనుమంతుడి ఆట కూడా దింపింది. గట్టు గారూ, ఎవరైనా అడిగారా?

నాగావళి గట్టు · 9:41

అప్పటికి పార్లరు మూసీసి మందుల కొట్టు ఎట్టినాను. దండం మాత్రం ఎట్టుకునీవోడిని.

ఇజీనారం కుర్రోడు · 9:58

సరే, విశాఖలో రెండు సెకండ్‌హ్యాండ్ పీఎస్4లు చూసుకున్నాను, రేపు టెస్ట్ చేసి తెస్తాను. క్రికెట్ డిస్కు ఒరిజినలే కొంటాను, హైటెక్ అన్న చూస్తున్నాడు. అన్నయ్య ఒక వీ యూ మాత్రం తెస్తున్నాడు, మా ఇంటికి. ఆ ఐదో తరగతోడికి కూడా చెప్పాను.

నాగావళి గట్టు · 10:10

మంచిది బావూ. రెండే టీవీలంటే ఆగేవోళ్లుంటారు. బయట కూకుందికి గోడుందా?

ఇజీనారం కుర్రోడు · 10:12

లేదండి. బల్ల వేయిస్తాను.